అన్న పేరు టైపు చేసిన సాయంత్రం

మా అన్న ఎనిమిదేళ్లు ఒక నాయకుడి వెంట తిరిగాడు. పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లో ఆయన ఇంటి ముందు నిలబడేవాడు. ఆయన కారు కదిలాకే మోతీనగర్‌లోని మా ఇంటికొచ్చి ఇంత తినేవాడు. నా తోటివాళ్లంతా కంప్యూటర్ కోర్సులు చేసి మాదాపూర్‌లో ఉద్యోగాల్లో చేరుతున్న రోజులవి. నాకు తెలుగు టైపింగ్ మాత్రమే వచ్చింది. అన్న చెప్తే ఆ నాయకుడి పత్రికలోనే, ఫిల్మ్‌నగర్ ఆఫీసులో పని దొరికింది.

ఒకనాడు ఎదుటి పార్టీ పత్రిక మా నాయకుడు గుట్ట కబ్జా చేశాడని రాసింది. "దమ్ముంటే రేపు పదింటికి ఫిల్మ్‌నగర్ చౌరస్తాకు రా, తేల్చుకుందాం" అని ఆయన మా పత్రికలో సవాలు విసిరాడు. అవతలి నాయకుడు సరేనన్నాడు. ఆ సవాలును పెద్దక్షరాల్లో టైపు చేసింది నేనే.

మర్నాడు నాయకులిద్దరూ రాలేదు. పోలీసులు ఇల్లు కదలనివ్వలేదన్నారు. వచ్చింది వాళ్ల మనుషులు. రాళ్లు లేచాయి. అవతలి వైపు ఒక ఆటో డ్రైవరుకు కన్ను పోయింది. ఆ రాయి ఎవరిదో తెలియదు గానీ, పోలీసులు పట్టుకెళ్లినవాళ్లలో మా అన్న ఉన్నాడు.

సాయంత్రం ఎడిటర్ గారు నా బల్ల మీద ఒక కాగితం పెట్టారు. ఆ అల్లరిమూకతో మా నాయకుడికి ఏ సంబంధమూ లేదని ప్రకటన. కింద పేర్లు. మూడోది మా అన్నది.

"సార్, ఈయన మా అన్న సార్."

"తెలుసయ్యా. పైనుంచి వచ్చింది, నేనేం చేయను చెప్పు? ఉన్నదున్నట్టు టైపు కొట్టేయ్."

అన్న పేరు దగ్గర రెండుసార్లు తప్పు పడింది. దిద్ది మళ్లీ కొట్టాను. లేచి వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. ఇంట్లో జీతం తెచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే.

నాలుగు రోజులు నాయకుడి గేటు దగ్గర పడిగాపులు కాశాను. కారు అద్దం దిగలేదు. జైలుకు వెళ్తే అన్న ఆత్రంగా అడిగాడు.

"సారు ఏమన్నడు రా? మన పేపర్ల ఏమొచ్చింది?"

"ఏం రాలేదన్నా."

"ఫికర్ చెయ్యకు. సారు మనల్ని ఇడువడు."

రెండు నెలలకు బెయిలొచ్చింది. ఇంటికొచ్చిన రోజే పక్కింటాయన దాచిన ఆ పేపరు తెచ్చి చూపించాడు. అన్న గడపలో కూర్చుని అంతా చదివాడు.

"ఇది నువ్వే కొట్టినవా?"

తలూపాను.

"సారుకు ఏం కష్టమొచ్చిందో, గట్ల చెప్పిండు. నా పేరు నువ్వెట్ల కొట్టినవ్ రా?"

మర్నాడు పొద్దున్నే అన్న చొక్కా ఇస్త్రీ చేసుకుని జూబ్లీ హిల్స్ వెళ్లాడు. గేటు తెరవలేదు. ఆ మర్నాడూ వెళ్లాడు. నాతో మాత్రం మాట మానేశాడు.