మచ్చాకు

ఎండాకాలం వస్తే చర్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవిలోకి పోతాయి. ఆ ఆకు కొనే మా ఊరి కల్లానికి నేనే కల్లేదారుని. జనం తెచ్చిన కట్టల్లో మంచివి ఎండకు పరిచి ఆరబెట్టించడం, మచ్చలూ చిల్లులూ ఉన్న ఆకు కలిసిన కట్టలను తీసి పక్కన పడేయడం నా పని. మా అక్క కట్టలు మాత్రం విప్పి చూసేవాణ్ణి కాదు. ఆమె కోసిన ఆకులో మచ్చ ఉండదని అందరికీ తెలుసు.

ఒక ఏడు ఆమె కట్టల్లోనే మచ్చాకు వచ్చింది.

అంతకుముందు వానాకాలంలో, తన ఇంటి దర్వాజా వంకరపోయిందని అక్క అన్నది. నేను దారానికి గుండు కట్టి వేలాడదీసి చూపించాను. దర్వాజా నిటారుగానే ఉంది. వంకరైంది దర్వాజా కాదు, నీ బుర్ర అని ఎగతాళి చేశాను. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. ఆ దారం సైతం ఆమెకు వంకరగానే కనిపించి ఉంటుందని నాకు తట్టలేదు.

తర్వాత మాట్లాడేటప్పుడు నా మొహం చూడటం మానేసింది. చెవి వైపో భుజం వైపో చూసేది. కల్లేదారు పని బావకు కాకుండా నాకు వచ్చిందని కోపమనుకున్నాను. చూపు సంగతి అనుమానించే వీలే లేదు. ఆ రోజుల్లోనే అడవి దారిలో పక్కనుంచి పాకే పామును అందరికంటే ముందు చూసి, నా చొక్కా పట్టి గుంజింది ఆమే.

అందుకే మచ్చాకు చూసేసరికి, నన్ను చులకన చేస్తోందనిపించింది. అందరి ముందు కట్టలు విప్పి నేల మీద పడేశాను.

"కండ్లు నెత్తికెక్కినయా అక్కా?"

"మంచాకే అనుకొని కట్టిన తమ్మీ," అన్నది నా భుజం వైపు చూస్తూ. వెనక నిలబడ్డ ఆడవాళ్లు, తమ్ముడు కల్లేదారైతే అక్కకు ఆకైనా చెత్తైనా ఒకటేనని నవ్వారు. ఆమె వంగి ఆకులన్నీ ఏరుకుని వెళ్లిపోయింది. ఆ మర్నాటి నుంచి కోతకు రాలేదు.

కోతలు ముగిశాక గానీ నేను వాళ్లింటికి పోలేదు. అరుగు మీద బియ్యం ఏరుతోంది. చేటను ఎదురుగా పెట్టుకోకుండా పక్కకు పెట్టి, తల అటు తిప్పి ఓరగా చూస్తోంది. అయినా రాళ్లు దొరకడం లేదు. ఏందక్కా గట్ల చూస్తున్నవ్ అని అడిగాను.

"నీ మొహం నడిమిట్ల మసి పూసినట్టున్నది తమ్మీ. అందరి మొహాలూ గట్లనే ఉన్నయి. పక్కలు కనవడ్తయి."

ఖమ్మం తీసుకుపోయాను. డాక్టరు గళ్ల కాగితం చూపిస్తే, గీతలు వంకర్లు తిరిగాయని, నడుమ గళ్లే లేవని అక్క చెప్పింది. కంటి వెనక పొరలో మాక్యులా అనే చిన్న చోటు ఉంటుందట. ఎదురుగా చూసేది, మొహాలు గుర్తుపట్టేది, ఆకు మీద మచ్చ కనిపెట్టేది దానితోనే. అది చెడితే నడిమి చూపు పోతుంది, పక్క చూపు ఉంటుంది. గీతలు వంకరగా కనిపించినప్పుడే వచ్చి ఉంటే కొంతైనా ఆపగలిగేవాళ్లమన్నాడు డాక్టరు. పోయిన చూపు ఇక రాదన్నాడు. దర్వాజా సంగతి ఆయనకు నేనే చెప్పాను. అక్క చెప్పలేదు.

మరుసటి ఏడు కోత మొదలయ్యే ముందు ఆమె ఇంటికి పోయి కల్లానికి రమ్మన్నాను.

"మచ్చలు పట్టలేను. వచ్చి ఏం చెయ్యాలె?"

కట్టలు ఎండకు పరచడానికీ, తిప్పి వేయడానికీ మచ్చలు పట్టనక్కర్లేదన్నాను. కోత మొదలైన రోజు ఆమె వచ్చింది. నిరుడు ఆమె కట్టలు ఎందుకు అలా వచ్చాయో, నేనేం చేశానో, వరుసలో నిలబడ్డ వాళ్లకు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఆమె దగ్గరికి పోయి, ఎదురుగా కాక కాస్త కుడి పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె తల తిప్పకుండానే పక్క చూపుతో నన్ను చూసింది.

"అవ్, ఇప్పుడు కనవడ్తున్నవ్. జుట్టు గింత తెల్లగ ఎప్పుడైంది తమ్మీ?" అని, కట్టలు తిప్పడానికి వంగింది.