నీళ్లకు కావలి కాసిన ఆపా

ఆపా పోయిందని వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు సింగపూర్‌లో, పాయా లేబర్ పేటలోని మా ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో అలర్టులు చూస్తున్నాను. వార్త విన్నాక కూడా తెర మీంచి కళ్లు తిప్పలేకపోయాను. అది ఆమె నాకు అంటించిన జబ్బే.

ఆపా అంటే అక్క, అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమెది హైదరాబాద్. ఫ్యాక్టరీలకు నీళ్లిచ్చే పంపుల్ని కంప్యూటర్లు నడుపుతాయి. వాటిలోకి ఎవరూ చొరబడకుండా చూసే మా చిన్న బృందానికి ఆమే పెద్ద.

తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో, అందరిలాగే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు 'చోప్' చేసేది, అంటే ఆపుకునేది కానీ, క్యూలో నిలబడ్డంతసేపూ బల్ల వైపే చూసేది. "ఈ ఊరు నమ్మకం మీద నడుస్తది. మన డ్యూటీల మాత్రం అది పనికిరాదు" అనేది.

ఎక్కడో గదిలో కూర్చున్న నలుగురు హ్యాకర్లకు ఇంత పెద్ద వ్యవస్థ భయపడాలా అని కొత్తలో అడిగాను. "వానికి ఒక్క కిటికీ దొరికితే చాలు. మనం ఇల్లంతా కావలి కాయాలె" అంది.

రోజూ పొద్దున్నే పంపు స్టేషన్లకు ఫోన్ చేసి, మీటరు ముల్లు ఎక్కడుందో చదివించుకునేది. తెర మీద కనిపిస్తుంటే ఇదేం చాదస్తమని విసుక్కునేవాళ్లం. ఒకరోజు తువాస్ స్టేషన్‌లో ముల్లు ఒకటి చెప్పింది, మా తెర ఇంకొకటి చెప్పింది. ఎవరో లోపలికొచ్చి పంపుల వేగం పెంచుతూ, మాకు మాత్రం పాత అంకెలు చూపిస్తున్నారు.

నెట్‌వర్క్ తెంపితే ఫ్యాక్టరీలకు నీళ్లు తగ్గుతాయి, ఆగమన్నారు పైవాళ్లు.

"తెంపు. అడిగితే నా పేరు చెప్పు" అంది నాతో ఆపా.

ఆ రోజంతా స్టేషన్ల వాళ్లు పంపుల్ని చేత్తోనే నడిపారు. ఫ్యాక్టరీలు గోలపెట్టాయి. మరమ్మతుల కాంట్రాక్టరుకిచ్చిన కనెక్షన్‌లోంచి హ్యాకర్లు దూరారనీ, ఇంకాసేపు ఆగితే పెద్ద పైపు పగిలేదనీ తర్వాత తేలింది. అయినా విచారణలో ఆమెనే ప్రశ్నలతో విసిగించారు. నాకు కోపమొచ్చింది. ఆమె చిన్నగా నవ్వి, "జరగని ప్రమాదానికి సప్పట్లు ఎవరు కొడ్తరు?" అని మళ్లీ ఫోన్ అందుకుంది.

ఆమె పోయిన రోజు సాయంత్రమే ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి, ఆంగ్ మో కియోలో వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాం. ఆసుపత్రిలో నర్సు కంప్యూటర్ లాక్ చేయకుండా వెళ్లిందని అమ్మీ మంచం మీంచే కోప్పడిందని చెప్తూ వాళ్లమ్మాయి నవ్వింది, ఏడ్చింది.

అక్కడ కూర్చోలేకపోయాను. ఆఫీసుకొచ్చేశాను. మా పనిలో, వెళ్లిపోయినవాళ్ల కంప్యూటర్ ఖాతా అదే రోజు మూసేయాలి. ఆపా పేరు నొక్కాను. నిజంగా మూసేయాలా అని అడిగింది తెర. లేచి కిటికీ దాకా నడిచాను, వెనక్కొచ్చాను, మళ్లీ నడిచాను.

చివరికి అవునన్నాను. ఆమె పేరు బూడిదరంగుకు మారి, పేర్ల వరసలో మెల్లగా కిందికి జారిపోయింది.