పెద్దాయన అనని మాట

పాతికేళ్ళకు పైగా ఒక అబద్ధం మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క కాదు, ధైర్యం లేక. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. జాలి పడతారని కాదు. జాలి నాకు గిట్టదు.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో మా కార్మిక సంఘానికి అప్పట్లో నేను సెక్రటరీని. ఆ సంఘాన్ని దేశమంతటా నిలబెట్టిన పెద్దాయన ఒకసారి ఉత్తరాది నుంచి మా ఊరొచ్చాడు. హిందూ జాతి గురించి లావుపాటి పుస్తకాలు రాసిన మనిషి. చేతిసంచీలో రెండు పంచెలు, అవీ తనే ఉతుక్కునేవాడు. మతపిచ్చోడని తిట్టేవాళ్ళున్నారు. తిట్టనివ్వండి, ఆయన ఆలోచనతో నాకిప్పటికీ పేచీ లేదు. కానీ ఒక్క మాట దగ్గర ఆయనకు అన్యాయం చేసింది ఆయన శత్రువులు కాదు.

ఆ పొద్దున ఆయన, పలక కోసే ఏసోబు ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు. ఏసోబుది చర్చికి వెళ్ళే కుటుంబం. కోత మిషన్ల దగ్గర దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టాలని ఓనర్లతో మొదట కొట్లాడింది అతనే. సగం మంది అతని మాట మీదే మా సంఘంలో చేరారు.

మధ్యాహ్నం మీటింగు. ఏటా పనిముట్లు పెట్టి విశ్వకర్మ పూజ చెయ్యడం మా సంఘం ఆనవాయితీ. పెద్దాయనది హిందీ, దాన్ని తెలుగులో చెప్పేది నేను. ఏసోబు లేచాడు.

"అన్నా, అయ్యగారిని అడుగు. విశ్వకర్మ పూజలో మేం గూడా కూర్చోవాల్నా? మేం ప్రార్థనకు పొయ్యేటోళ్ళం గదా."

అడిగాను. పెద్దాయన నవ్వి హిందీలో జవాబిచ్చాడు: పూజ ఎవరిష్టం వాళ్ళది, పనిముట్టు పట్టిన ప్రతివాడూ ఈ సంఘం మనిషే.

నేను మైకులో ఏం చెప్పానో వినండి.

"పూజలో కూర్చోనోడికి మన సంఘంలో చోటు లేదంటున్నాడు అయ్యగారు."

ఏసోబు ఆయన మొహంలోకి చూశాడు. ఆయనింకా నవ్వుతూనే ఉన్నాడు.

"పొద్దున మా ఇంట్లో తిని వచ్చినాడు గదన్నా," అన్నాడు ఏసోబు. తువ్వాలు దులిపి భుజానేసుకుని వెళ్ళిపోయాడు. వెనకే సగం సభ. ఏమైందని పెద్దాయన అడిగితే, షిఫ్టుకు టైమైందన్నాను.

ఎందుకు చెప్పాను? మతం మీద పట్టుదలతోనే అని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. అదైనా నిజమైతే బాగుండేది. ఆ నెలలో సంఘం ఎన్నికలు. ఏసోబు నిలబడితే నా సెక్రటరీ పదవి పోతుంది. అంతే. అంతకు మించి ఏమీ లేదు.

సంఘం రెండుగా చీలింది. ఓనర్లు నవ్వుకున్నారు. ఫ్యాన్లు రాలేదు. ఏసోబు రొమ్ములో దుమ్ము పట్టి, దగ్గి దగ్గి పోయాడు. చీలకపోయినా ఫ్యాన్లు వచ్చేవా, వచ్చినా అతను బతికేవాడా అని నా తరఫున నేనే లాయరునై ఎన్నిసార్లు వాదించుకున్నానో. ఏమో. కానీ వాటిని రాకుండా చేసినవాళ్ళలో నేనున్నాను. అది మాత్రం ఏమో కాదు.

ఇంకా నోరు మూసుకునే ఉండేవాడిని. మొన్న పెద్దాయన జయంతికి మా కుర్రాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. ఆయన బొమ్మ కింద, పెద్ద అక్షరాల్లో, నా వాక్యం. ఆయన అన్న మాటట. తీసేయమన్నాను. "ఇప్పుడెందుకులే తాతా, మాట ఊపుగా ఉండాది," అన్నారు. ఆయన్ను ద్వేషించేవాళ్ళకూ ఆ వాక్యమే కావాలి. ఇద్దరికీ చెప్తున్నాను, అది ఆయనది కాదు. తిట్టదలిస్తే ఆయన రాసింది చదివి తిట్టండి. పొగడదలిస్తే అదీ చదివే పొగడండి.

నిన్న అర్ధవీడు వెళ్ళాను. ఏసోబు భార్య మార్తమ్మ అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. చింతపండులో గింజలు తీస్తూ, నేను చెప్పిందంతా విన్నది.

"సచ్చేదాకా ఆ ముసలాయన్నే తిట్టినాడు మా ఆయన. నిన్ను ఒక్క మాటనలేదు. పాపం, వాడేం జేస్తాడు, చెప్పమన్నది చెప్పినాడు అనేటోడు."

ఆ మాట అనేసి లోపలికి వెళ్ళిపోయింది. కూర్చోమనలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

బస్టాండులో టీ తాగాను. చాలా ఏళ్ళ తర్వాత టీ రుచి తెలిసింది. ఇంత విన్నాక కూడా నీకు టీ రుచించిందా అంటారేమో. రుచించింది. అదీ ఒప్పుకుంటున్నాను.