టింక్చర్ సీసా సంగతి, సుగుణక్కా

నిన్న పొద్దున ఫోన్. సుగుణక్క ఇక లేదట.

చేతిలో టీ గ్లాసు అట్లాగే చల్లారిపోయింది. పోయిన వారమే కదా నన్ను తిట్టింది.

తెలియని వాళ్లకు చెబుతాను. యాకుత్‌పురాలో మా పక్కింటి అక్క. సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్.

ఎనభైల మాట. మా పాప నెలన్నర ముందే పుట్టింది. దవాఖానలో ఉండగా మడమ దగ్గర గుచ్చి చేసిన థైరాయిడ్ టెస్ట్ నార్మల్.

ఇంటికొచ్చిన రెండు వారాలకు మళ్లీ చేస్తే రిపోర్ట్ తేడా వచ్చింది. వదిలేస్తే బుర్ర ఎదగదని డాక్టర్ అప్పుడే గోలీలు మొదలుపెట్టారు.

మా అమ్మ తప్పంతా కోడలు విజయ మీదే వేసింది. "కడుపుతోని ఉన్నప్పుడు నా మాట విన్నదా?"

విజయ ఏడ్చేది. నేను భర్తనన్న పేరే గానీ, నోరు విప్పలేదు.

రిపోర్ట్ కాపీ కోసం ల్యాబ్‌కు పోతే అక్క కాగితం ఇవ్వకుండా నా చెయ్యి పట్టుకుంది.

"వేళ్లకు గీ రంగేంది తమ్మీ?"

"టింక్చర్ అయోడిన్ అక్కా. బిడ్డ బొడ్డు ఆరలేదని రాస్తున్న. మా వర్క్‌షాప్ ఫస్ట్ ఎయిడ్ డబ్బాల నుంచి తెచ్చిన."

"దినాం?"

"మూడు పూటలు."

అక్క కుర్చీలో కూలబడింది. "నెలలు నిండని పిల్ల. తోలు పల్చగుంటది. గా మందు లోపలికి పోయి థైరాయిడ్‌ను పండవెడ్తది. సీసా పారెయ్. గోలీలు మాత్రం డాక్టర్ చెప్పేదాక బంద్ చెయ్యకు."

అప్పుడే నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయనా అదే అనుమానించారు. టింక్చర్ మానేశాక టెస్టులు మెల్లగా దారికొచ్చాయి. కొన్ని నెలలకు డాక్టరే గోలీలు ఆపేశారు.

గండం గడిచింది. కానీ మా అమ్మ పోయేదాకా విజయను ఆ మాట అంటూనే ఉంది.

"ఇంట్ల నువ్వే చెప్పు. నేను చెప్ప" అంది అక్క ఆ రోజే. తను ఎవరికీ చెప్పలేదు. కనబడినప్పుడల్లా నన్ను మాత్రం అడిగేది, "చెప్పినవా?" అని.

"చెప్తా అక్కా" అనేవాణ్ని. నలభై ఏళ్లు అదే జవాబు. సిగ్గుగా ఉంది.

నిన్న అక్కను చూడడానికి బయలుదేరే ముందు విజయకు చెప్పాను. "అత్తమ్మ ఉన్నప్పుడు చెప్పాల్సింది" అంది. అంతే.

పాపా, నువ్వూ ఇది చదువుతావు. ఆ సీసా తెచ్చింది నేనే. తప్పు మీ అమ్మది కాదు.

అక్కా, చెప్పిన.

ఇగ నిమ్మళంగా పండుకో.