వెనక్కి తిరిగే ఆటో

ముందే చెప్పేస్తున్నాను, కొలతల విషయంలో నేను నమ్మదగ్గ మనిషిని కాను. నేను పాము అంటే మీరు వానపాము అనుకోండి, వాన అంటే తుంపర అనుకోండి. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అదే పద్ధతి పాటిస్తే మన మధ్య గొడవ ఉండదు.

ఆ రోజుల్లో (అప్పటికి నా బొజ్జ ఇంకా పుట్టలేదు) హిందూపురంలో మా మామ ఆటో తోలేవాణ్ణి. బండి బాగుండేది, బాడుగలు బాగుండేవి, డ్రైవరే బాగుండేవాడు కాదు. చక్రం కింద ఏదైనా తగిలి బండి ఎగిరిందంటే చాలు, నాకు ఒక మనిషి కనిపించేవాడు. రోడ్డు మీద కాదు, తలలో. 'అది గుంత కాదురా, మనిషి. తొక్కేసి వచ్చినావు, పో, పోయి చూడు' అని లోపల ఒకటే నస. ఒక్కసారి చూసొస్తే పీడ పోతుంది కదా అని బండి తిప్పేవాణ్ణి. పోయి చూస్తే గుంతే. హమ్మయ్య అని ముందుకు కదిలితే, 'సరిగ్గా చూశావా? పక్కన కంపచెట్లలో పడి ఉంటే?' అని మళ్లీ మొదలు. పైగా మన రోడ్ల సంగతి మీకు తెలుసు. ఒక గుంతను చూడడానికి వెనక్కి పోతే దారిలో ఇంకో నాలుగు గుంతలు, నలుగురు కొత్త మనుషులు. ఆ లెక్కన నేను తలలో తొక్కిన జనంతో ఒక కొత్త మండలమే ఏర్పాటు చేయొచ్చు.

ఒకరోజు ధర్మవరం నుంచి పట్టుచీరలు అమ్ముకోవడానికి వచ్చిన శెట్టి ఒకాయన తిరుగు రైలుకని నా ఆటో ఎక్కాడు. స్టేషన్ గేటు కనిపిస్తుండగా బండి ఎగిరింది, నేను తిప్పాను. "ఏమప్పా, స్టేషన్ ముందర ఉంటే యాడికి పోతాండావు?" అన్నాడు. "ఒక్క నిమిషం శెట్టీ, ఊరికే అట్ల చూసొద్దాం" అన్నాను. అట్ల చూసి, ఇట్ల చూసి, మళ్లీ అట్ల చూసి వచ్చేసరికి రైలు తోక మాత్రం కనిపించింది. "ధర్మవరానికి నడిచి పోయింటే ఈపాటికి ఇంట్లో అన్నం తింటాంటి గదరా!" అని ఆయన చీరల మూట ఎత్తి నా మీదికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆటో స్టాండులో నా పేరు 'రివర్సు గేరు'. మామ మాత్రం నవ్వలేదు. "ఇంగొక్క బాడుగలో బండి వెనక్కి తిప్పినావని తెలిసిందా, తాళం ఈడ పెట్టేసి యాడన్నా పోయి బతుకు" అన్నాడు. పదో తరగతితో చదువుకు దండం పెట్టినవాణ్ణి, ఆ తాళం తప్ప నా చేతిలో ఇంకేమీ లేదు.

మా అవ్వ దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది. (తాయెత్తు వదులైందేమోనని గంటగంటకూ తడుముకోవడం అదనంగా మొదలైంది.) చివరికి అమ్మ నన్ను పుట్టపర్తిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఆమె అంతా విని, "ఇది ఓసీడీ, వదలని అనుమానాల జబ్బు. పిచ్చి కాదు, దయ్యం కాదు, నీ తప్పూ కాదు" అని మాత్రలు రాసింది. తర్వాత అసలు మందు చెప్పింది. అనుమానం వస్తే వెనక్కి పోకూడదు. ఎవరినీ అడగకూడదు. అనుమానాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపాలి, దానంతట అదే నెమ్మదిస్తుంది. (మా ఆటోలో డ్రైవరు పక్కన ఎప్పుడూ ఇద్దరు ఇరుక్కుని కూర్చుంటారు, అనుమానం మూడోది.) వింటుంటే చాలా సులభంగా అనిపించింది. ఆమెకు పెనుకొండ రోడ్డు తెలియదు.

కొన్నాళ్లకు కుల్ఫీ తాత బాడుగ తగిలింది. బజారులో బండి మీద కుల్ఫీ అమ్మే సాయిబు తాత ఆయన. పెనుకొండలో ఒక పెండ్లికి కుల్ఫీ ఒప్పుకున్నాడు, అంత పెద్ద బేరం ఆయనకు అదే మొదలు. నీళ్ల ట్యాంకంత కుండలో ఐసు, ఉప్పు దట్టించి, మధ్యలో కుల్ఫీ డబ్బాలు పెట్టి, కుండను కావిలించుకుని వెనక కూర్చున్నాడు. ఎండ ఎట్లా ఉందంటే, కాకులు కూడా చెప్పులు వెతుక్కుంటున్నాయి. సోమందేపల్లి దాటామో లేదో, దడేల్‌మని బండి ఎగిరింది.

"తాతా, ఏందో తగిలింది గదా?"

"ఏం తగల్లే. గుంత."

ప్రాణం లేచొచ్చింది. అంతలోనే డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, "తాతా, ఏమీ తగల్లేదని చెప్పద్దు" అన్నాను.

"అయితే తగిలిందని చెప్పల్నా?"

"అదీ చెప్పద్దు. నేను అడిగినా సరే, ఏమీ చెప్పద్దు."

"నువ్వు అడుగుతాంటావు, నేను చెప్పగూడదు. ఇదేం బాడుగరా నాయనా!"

తలలోని మనిషి లేచి కూర్చున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చేతులు వాటంతటవే హ్యాండిల్‌ను పక్కకు లాగుతున్నాయి, బండి రోడ్డు వారగా నిలబడిపోయింది. వెనక నుంచి ఉప్పునీళ్లు నా చెప్పుల కిందికి వచ్చాయి.

"ఏమబ్బా నిలబెట్నావు? కుల్ఫీ నీళ్లయితాండాది!"

"మనిషేమో తాతా..."

"మనిషేమో, కాదేమో! నాకేం తెల్సు? కుల్ఫీ కరుగుతాండాది, అది తెల్సు. పోనీ బండి!"

డాక్టరమ్మ అంతసేపు మెత్తగా చెప్పింది కూడా ఇదే. మనిషేమో, కాదేమో, పోనీ బండి. పోనిచ్చాను. ఆ మనిషి నాతోనే వచ్చాడు, చెవిలో అరుస్తూ. వెనక్కి చూసే అద్దాన్ని పైకి తిప్పేశాను, దాంట్లో ఆకాశం తప్ప ఏమీ లేదు. పెనుకొండ కొండ దగ్గరపడే కొద్దీ వాడి గొంతు బొంగురుపోయింది. పోలేదు, అలిసిపోయాడంతే. నేనూ అలిసిపోయాను.

కుల్ఫీ సగం నిలిచింది, సగం జారింది. పెండ్లి పెద్ద మూత తీసి, "ఇది కుల్ఫీనా, పాయసమా?" అన్నాడు. తాత రెప్ప కొట్టకుండా, "కొత్త రకం. గ్లాసుల్లో పోసి ఇయ్యండి" అన్నాడు. జనం ఎగబడి తాగారు. తాతకు మాట దక్కింది, నాకు తాళం దక్కింది.

ఒక్క చిక్కు మిగిలింది. హిందూపురానికి తిరిగి పోవాలన్నా అదే రోడ్డు, అదే గుంత. అక్కడ చూస్తే అది వెనక్కి పోయి చూసుకోవడం కిందికి వస్తుందా, దారిలో ఉంది కాబట్టి ఊరికే చూడడమా? డాక్టరమ్మ ఇది చెప్పలేదు. మెడ బిగబట్టి, నేరుగా ముందుకే చూస్తూ, యుద్ధం గెలిచిన వీరుడిలా దాటేశాను.

ఇక ఒక నిజం ఒప్పుకోవాలి. కాకులు, ట్యాంకు, మండలం మీరెటూ భాగించుకునే ఉంటారు. అచ్చంగా కల్పించింది మాత్రం ఆ వీరుణ్ణి. చూశాను. బండి ఆపలేదు గానీ, మెడ తిప్పి కళ్లు చించుకుని చూశాను. అప్పటికే మసకచీకటి. ఏమీ కనిపించలేదు. అది గుంతో, రాయో, మనిషో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియకుండానే మరునాడు బాడుగకు పోయాను, తెలియకుండానే పెండ్లి చేసుకున్నాను, తెలియకుండానే ఈ బొజ్జ పెంచాను. అద్దాన్ని ఆకాశానికి తిప్పి బండి తోలిన అప్పటి బక్కోడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది.

ఇంతకూ అదేమై ఉంటుందని మీకు పీకుతోంది కదూ? పీకనీయండి. కాసేపటికి తగ్గుతుంది.