క్యాసెట్‌లో బాపు వదిలిన ఖాళీ

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదు. గండిపేట దగ్గర ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. అమావాస్య నాడు కొత్త బండి బయటకు తీయనివాళ్లను స్టాఫ్‌రూమ్‌లో తెగ ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు వాళ్ల ముందు ఈ సంగతి ఎత్తడానికే సిగ్గేస్తుంది.

మా బాపు చాలా ఏళ్లు దుబాయిలో పనిచేశాడు. ఉత్తరం రాయాలంటే ఆయనకు బద్ధకం. మాటలన్నీ క్యాసెట్‌లో నింపి, సెలవు మీద వచ్చేవాళ్ల చేత మా ఊరు ముడిమ్యాలకు పంపేవాడు. అడగవలసింది అడిగి, జవాబు కోసం కాసేపు ఆగేవాడు. "సత్తెమ్మా, పాణం ఎట్లున్నది?" అని ఆయన ఆగితే, ఇక్కడ అమ్మ టేప్‌రికార్డర్ ముందు కూర్చుని "మంచిగనే ఉన్న" అనేది. మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం.

బాపు పోయి ఆరేళ్లయింది. మిగిలింది ఒక్క క్యాసెట్. నా కారులో క్యాసెట్ పెట్టే చోటే లేదు. అందుకని పాత వాక్‌మన్ ఒకటి వెతికి కొని, వైరుతో స్టీరియోకు కలిపాను. అమ్మ ఎక్కగానే అదే పెట్టమంటుంది. ఆ టేపు నాకు కంఠతా వచ్చు. పాణం ఎట్లున్నదని అడిగాక కాసేపు ఖాళీ, అందులో ఆయన గదిలోని ఫ్యాన్ చప్పుడు. తర్వాత "ఈడ ఎండలు మండుతున్నయి" అంటాడు. మధ్యలో ఇంకేమీ లేదు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున ఎంకపల్లిలో మా మేనత్త ఇంటికి బయలుదేరాం. చేవెళ్ల దాటాక టేపు పెట్టాను. అమ్మ ఆ రోజు ఎందుకో పెద్దగా మాట్లాడటం లేదు. బాపు అడిగాడు. అమ్మ కిటికీ వైపు తిరిగి ఏదో గొణిగింది. అప్పుడే ఒక లారీ హారన్ కొడుతూ పక్క నుంచి పోవడంతో ఆమె అన్నది నాకు వినపడలేదు.

హారన్ ఆగింది. ఫ్యాన్ చప్పుడు. దాని మధ్యలో బాపు గొంతు.

"బిడ్డకు చెప్పు."

వెంటనే మామూలుగా ఎండల సంగతి మొదలైంది. కారు పక్కకు తీసి ఆపాను.

"ఏం చెప్పాలె అమ్మా?"

అమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది. "నాలుగు దినాల సంది ఎదల నొస్తున్నది బిడ్డా. చెప్తే కాలేజీకి సెలవు పెడ్తవని చెప్పలే."

అత్త ఇంటికి పోకుండా నేరుగా సిటీలోని దవాఖానకు బయలుదేరాను. మొయినాబాద్‌లో ఆదివారం రద్దీ. రిసార్టులకు పోయే కార్లు కదలవు. నేను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. అమ్మ కళ్లు మూసినప్పుడల్లా "అమ్మా, మాట్లాడు" అని అరిచాను. దవాఖాన చేరేదాకా నా ప్రాణం నాలో లేదు. గుండెకు పోయే రక్తనాళం మూసుకుపోతోందని ఆ రోజే స్టెంట్ వేశారు. ఇంకొక్క రోజు ఆగితే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఆ టేపు ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. ఫ్యాన్ చప్పుడే. అంతకుముందే ఫోన్‌లోకి ఎక్కించుకున్న కాపీలోనూ అంతే. ఆ రోజు ఫోన్ ఆఫ్ చేసి బ్యాగులో పెట్టాను, ఆ మాట దాంట్లోంచి వచ్చే వీల్లేదు. మా ఆయన నా భ్రమ అంటారు. సరే, భ్రమే అనుకుందాం. నాకు తెలియని నొప్పి గురించి నాకెలా భ్రమ కలుగుతుంది?

అమ్మ కూడా ఆ మాట విన్నది. ఆమెకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. "ఇన్నేండ్లు మంచిగున్న అనే చెప్పిన. దానికి ఆయన ఏమంటడు? ఆ దినం నొస్తున్నదని చెప్పిన" అంటుంది, అంతే.

నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మొన్న మళ్లీ ఆ దారిలోనే టేపు పెట్టమంది. బాపు అడిగాడు. "మంచిగనే ఉన్న" అంది అమ్మ. నేను కారు పక్కకు ఆపి, సౌండ్ పూర్తిగా పెంచి, ఊపిరి బిగబట్టి విన్నాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఎండలు మండుతున్నాయని బాపు చెప్పాకే బండి కదిలించాను.