ఎలుకకు తగ్గిన వాపు

నేడు పోయిన మా బావమరిది ఇంట శుభస్వీకారం. పోయినవారికి చేయవలసినవన్నీ చేసిన పిమ్మట, ఉన్నవారు శోకం చాలించి మళ్లీ శుభాన్ని స్వీకరించవలెనని పెద్దలు ఏర్పరచిన దినమిది. నేటి నుండి కొత్తబట్ట కట్టవచ్చు, పండుగ చేసుకోవచ్చు, నవ్వవచ్చు. శాస్త్రం అనుమతించినంత సులువుగా మనసు అనుమతించదు. నాకీ వయసులో శోకం కంటె అలసటే ఎక్కువ. నాకంటె చిన్నవారి కర్మలకు వచ్చి పీట మీద కూర్చోవలసిన అలసట అది.

ఆయన పోయిన ఉదయం నేను సంధ్యవార్చుకొని లేస్తుండగా ఫోను మోగింది. ఆయన కూతురు. “మామా, నాయన లేపితే లేయలేదు,” అన్నది. నా భార్య, అంటే ఆయన అక్క, వంటింటి గడపలో నిలబడి నా ముఖం చూసి “వాడేనా?” అని అడిగింది. తల ఊపాను. అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది.

ఆయన చదివినది పశువైద్యం. ఉద్యోగజీవితంలో ఎక్కువ భాగం బెంగుళూరులోని ఒక పరిశోధనాలయంలో ఎలుకల మధ్య గడిచింది. దోమకాటుతో మనుషులకు వచ్చే డెంగీ, చికున్‌గున్యా వంటి వైరస్ జబ్బులను ఎలుకలకు తెప్పించి, అవి శరీరంలో ఎలా నడుస్తాయో, ఏ మందుకు లొంగుతాయో చూడడం ఆయన పని. బంధువులు వెనుక ‘ఎలుకల డాక్టరు’ అనేవారు. అది చెవిన పడ్డా నొచ్చుకునేవాడు కాదు. “ఔనప్పా, వాటికి జబ్బు తెప్పించేదీ నేనే, చూసేదీ నేనే,” అనేవాడు.

మనిషి జబ్బుకు ఎలుకను ఏల సాక్షిగా పిలుస్తారని ఒకనాడు అడిగాను. “మీ అలంకారశాస్త్రమే బావా. ముఖం చంద్రుని మాదిరి ఉండాదంటారు. అనంగానే ముఖంలో మచ్చ ఎతుకుతామా? పోలిక యాడిదాకా పోతాదో, యాడ తెగిపోతాదో తెలిసుండల్ల. మా పనీ అంతే,” అన్నాడు. గోవును ఎరిగినవాడు అడవిలో దాన్ని పోలిన గవయమనే మృగాన్ని చూచి గుర్తుపట్టే ఉపమానప్రమాణాన్ని నేను ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. అది ఎలుకల బోనుల దగ్గర కూడా పనిచేస్తున్నదని తెలిసి ఆనాడు ముచ్చటపడ్డాను.

హింస మాటా అడిగాను. “పాపం కాదని మాత్రం నాతో అనిపించొద్దు బావా. ఒక్కదాన్ని గూడా ఊరికే చంపలేదు. అంతవరకే అనగలను,” అన్నాడు. ఎలుకలను చంపిన రోజున ఆయన స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా భోంచేసి లేచేవాడని ఆయన భార్య చెప్పేది.

మా అనంతపురంలో కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిననాడు తొట్లూ డ్రమ్ములూ నింపుకొని, మళ్లీ వచ్చేదాకా కాపాడుకుంటాము. కరువు నేలలో అంత కాపాడుకున్న నీటిలోనే దోమ గుడ్లు పెడుతుంది. ఒక ఆదివారం ఆయన వచ్చి మా తొట్టిలోకి తొంగిచూసి, నీళ్లు పారబోయమన్నాడు.

“పారబోస్తే, వాడుకునేదానికి నువ్వు బెంగుళూరు నుంచి మోసుకొస్తావేమిరా?” అని వాళ్లక్క గయ్యిమంది.

ఆయన నా పాత పంచె ఒకటి అడిగి తీసుకొని తొట్టి మూతికి వాసెన కట్టాడు. అన్ని ఇళ్ల తొట్లకూ కట్టడం ఎవరి తరం? ఆ వానాకాలంలోనే ఆమెకు చికున్‌గున్యా పట్టుకుంది. జ్వరం వారంలో విడిచింది, కీళ్లనొప్పి విడవలేదు. వేళ్లు ముడవవు. సంగటి ముద్ద చేయలేదు, జడ అల్లుకోలేదు, నీళ్ల చెంబు రెండు అరచేతుల మధ్య అదిమి ఎత్తుకుంటుంది. ఏళ్లు గడిచినా అంతే.

అటువంటి రోజులలో, పరిశోధనాలయంలో ఒక కొత్త మందుతో ఎలుకల పాదాల వాపు తగ్గిందని ఆయన మాటల మధ్య చెప్పాడు. అక్క ఆ మాటను పట్టుకుంది.

“ఎలుకకు తగ్గిందంటివే. దానికిచ్చింది నాకియ్యలేవా? ఎలుక కంటే తక్కువైపోతినా నీకు?”

“అట్ల గాదక్కా. ఎలుకకు కాలు వాస్తాది, కొన్ని వారాలకు దానంతట అదే తీస్తాది. మా మందు ఆ వాపు ఇంకొంచెం బిరీన తీసింది, అంతే. నీది ఏండ్ల నొప్పి. అది ఆ ఎలుకకు రానే రాలేదు. దానికి రాని నొప్పి తగ్గిందని నీకెట్ల చెప్పేది?”

“పోతే నేనే గదా పోయేది. ఇయ్యరా. నా మీదనే చూసుకో.”

“నీ మీద చూసుకునేదానికేనా అక్కా, అన్ని ఎలుకల్ని చంపింది?”

అన్నాక తలవంచుకున్నాడు. ఆమె లేచి లోపలికి పోయింది. ఆ వేసవి అంతా తమ్ముడితో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆదివారం రావడం మానలేదు. వచ్చి, వేడినీళ్లు పెట్టించి, అక్క చేతులు అందులో ముంచి, ఒక్కొక్క వేలూ మెల్లగా ఒత్తేవాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకొని చేతులు మాత్రం ఇచ్చేది. ఇద్దరి మధ్య నేను పంచాంగం తిరగేస్తూ కూర్చునేవాణ్ని. తొలకరి చినుకులు పడిన ఒక ఆదివారం, ఆయన చెప్పులు విడుస్తుండగా ఆమె నాతో అన్నది: “ఎలుకల డాక్టరొచ్చినాడు, కాఫీ కలపండి. నా చేతులతో ఎట్లాగూ కాదు.” ఆయన నవ్వాడు. మందు మాట మరి ఎవరూ ఎత్తలేదు. అక్క నొప్పి అలాగే ఉంది. తమ్ముడు పోయాడు.

ఈ ఉదయం ఉద్యోగం విరమించాక ఆయన వచ్చి ఉన్న బుక్కరాయసముద్రంలోని ఇంటికి బెంగుళూరు నుండి ఒక అమ్మాయి వచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకొని, ఇప్పుడు ఆ పనిని నడుపుతున్న శిష్యురాలు. “‘ఎలుక చెప్పినంతే రాయండి, మీకు కావాల్సింది రాయొద్దు’ అనేవారమ్మా మా సార్,” అన్నది. నా భార్య ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, ఇన్నేళ్లుగా అడగని మాట అడిగింది.

“ఆ మందు మనుషుల దాకా వచ్చిందా పాపా?”

ఆ అమ్మాయి చూపు ఆమె వేళ్ల మీద పడింది. “ఇంకా లేదమ్మా. ఇంకో రకం జంతువులో చూస్తాండాం. అందులో కొంచెం తేడాగా ఉండాది. కానీ మీకోసమైనా తొందరగా...”

“వద్దు,” అన్నది నా భార్య. “నా చేతులు చూసి తొందరపడొద్దు. వాడు పడలేదు.”

నేటి దినాన ఆశీర్వచనం పలకవలసిన పెద్దను నేను. వెనుక వచ్చేవారికి ఓర్పు కలుగుగాక, ఆ ఓర్పుకు ఫలం కలుగుగాక, వారి చేతుల్లో పోయే ప్రాణం ఒక్కటీ వృథా కాకుండుగాక అన్నాను. ఆ అమ్మాయి వంగి నా భార్య పాదాలను తాకింది. ఆమె తన కుడిచేయి ఎత్తి ఆ తలమీద పెట్టింది. ముడవని అయిదు వేళ్లూ ఆ జుట్టు మీద చాచుకొని, చాలాసేపు అలాగే ఉన్నాయి.